షోలాపూరు సాంచాల పేటలో చదువులు

షోలాపూరు అనగానే మనవారికి ముందుగా గుర్తుకు వచ్చేది దుప్పటి. చలికాలం రాగానే పెట్టె అడుగునుంచి పైకి తీసేది, చుట్టాలు వస్తే పరిచేది, ఎన్ని ఉతుకులు ఉతికినా చిరగనిది. నెమళ్ళో పూలతీగెలో అంచున్న ఆ చాదరు లేని తెలుగిల్లు ఈ మహారాష్ట్రంలో అరుదని చెప్పవచ్చును. షోలాపూరు చాదరుకు, అక్కడి తువాలుకు కూడా భౌగోళిక గుర్తింపు ఉన్నది. అంటే ఇంకొక ఊరివారు నేసి ఆ పేరు పెట్టి అమ్ముకోరాదన్నమాట. కాని ఆ దుప్పట్లు నేసిన చేతుల్లో ఎక్కువభాగం తెలుగు చేతులని మనలోనే చాలామంది ఎరుగరు.

మేము ముగ్గురం ముంబయి నుంచి రాత్రి సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లవారేసరికి షోలాపూరులో దిగాము. యాత్రకని వెళ్ళలేదు. మన ఇళ్ళన్నిటిలోనూ ఇప్పుడొకటే పేచీ గదా - హైస్కూలు చదివే పిల్లల చేతికి ఫోను ఇవ్వాలా, వద్దా? ఇస్తే చదువుతారా, చెడిపోతారా? సంఘం సమావేశంలో ఈ మాట వచ్చి గంటసేపు రభస జరిగింది. చివరకు ఒక పెద్దాయన, "మనం ఇక్కడ కూర్చుని వాదించుకోవటమెందుకు? ఫోనుతో పాఠం చెప్పినందుకు లోకమంతా మెచ్చుకున్న పంతులు పుట్టింది షోలాపూరు జిల్లాలోనే గదా. అక్కడి మనవాళ్ళ పిల్లలు ఏం చేస్తున్నారో చూసి రండి" అన్నారు. అందుకని బయలుదేరాము.

స్టేషనులో దిగి ఊరి తూర్పు భాగానికి రిక్షా మాట్లాడుకుంటే చాలు, మరొక ఊరికి వచ్చినట్టే ఉంటుంది. సాఖర్ పేఠ్, భద్రావతి పేఠ్, జోడ్ బసవణ్ణ చౌక్, అశోక్ చౌక్, దత్తనగర్ - పేర్లు మరాఠీవి, కన్నడంవి. అరుగుమీది మాటలు మాత్రం తెలుగు. ఒక కొట్టుమీద మరాఠీ బోర్డు, పక్కదానిమీద కన్నడం, ఎదురుగా ఉర్దూ. కొట్టులో కూర్చున్నవాడు ముగ్గురితోనూ మూడు భాషలు మాట్లాడి, లోపలి భార్యతో "చాయ్ పెట్టిర్రా?" అని కేకవేస్తాడు. ఇక సాంచాల చప్పుడు. మరమగ్గాన్ని మన సిరిసిల్లవారిలాగానే వీరూ సాంచా అంటారు. కొత్తవారికి రెండు నిముషాల్లో తలపోటు వస్తుంది. అక్కడివారు ఆ చప్పుడు ఆగితేనే ఉలిక్కిపడతారు. ఆగిందంటే కరెంటయినా పోయి ఉండాలి, ఆర్డరయినా పోయి ఉండాలి.

మనవారు ఇక్కడికి ఎందుకు వచ్చారన్నది పెద్ద కథే. 1877లో ఇక్కడ మొదటి బట్టల మిల్లు వచ్చింది. జనం దాన్ని పాత మిల్లు అనేవారు. తరువాత మరికొన్ని వచ్చాయి. అవతల నైజాం ఇలాకాలో కరీంనగరం, నల్గొండ, ఓరుగల్లు, పాలమూరు పల్లెల్లో చేతిమగ్గం కడుపు నింపటం మానేసింది. కరువులు తోడయ్యాయి. పద్మశాలి కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని పడమటి దారి పట్టాయి. కొందరు మిల్లులో కూలికి కుదిరారు, కొందరు ఇంట్లోనే మగ్గం వేసుకున్నారు. మిల్లులు ఒకటొకటిగా మూతపడ్డాయి గాని ఇళ్ళల్లోని మగ్గాలు సాంచాలై మిగిలాయి. ఈ పేటలవారు చదువునూ అశ్రద్ధ చేయలేదు. పద్మశాలి శిక్షణ సంస్థ అని పెట్టుకున్నారు. కుచన్ ప్రశాల వంటి హైస్కూళ్ళు దానివే. ఈ సమాజంనుంచి గంగాధర్ కుచన్ గారు 1980లోనూ 1984లోనూ, తరువాత ధర్మణ్ణ సాదుల్ గారు 1989లోనూ 1991లోనూ లోక్‌సభకు ఎన్నికయ్యారు. శ్రావణ పున్నమినాడు మార్కండేయ మహర్షి రథోత్సవం జరిగినప్పుడు తూర్పు పేటలన్నీ వీధుల్లోనే ఉంటాయట. ఆ రోజు మేము చూడలేకపోయాము.

మాకు ఆతిథ్యమిచ్చిన ఇల్లు ఇరుకైనదే. కింద నాలుగు సాంచాలు, పైన రెండు గదుల్లో కుటుంబం. మెట్లెక్కుతుంటే పాదాలకింద అదురు తెలుస్తుంది. ఇంట్లో తాత ఉన్నాడు, డెబ్బై దాటిన మనిషి. కొడుకు కింద సాంచామీద ఉన్నాడు. కోడలు చాటలో తునికాకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుడుతున్నది. పదో తరగతి చదివే మనుమరాలు, ఏడో తరగతి చదివే మనుమడు. పిల్ల మాకు మంచినీళ్ళిచ్చి, "ఎన్ని గంటల బండికి వచ్చిర్రు అత్తమ్మా?" అని మా వెంటవచ్చిన సోదరిని అడిగింది. తేట తెలంగాణా తెలుగు. నూరేళ్ళనాడు వెళ్ళినవారి మునిమనుమరాలికి ఆ యాస అట్లాగే నిలిచి ఉండటం చూసి మాకు ముచ్చట వేసింది. కాని పిల్ల చదువు మరాఠీలో. తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. కరీంనగరంలో ఉన్న మేనమామ కూతురికి ఫోనులో తెలుగు ముక్క పంపాలంటే మరాఠీ అక్షరాల్లో రాస్తుంది, ఆ పిల్లకు అవి రావు. ఇక ఇద్దరూ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకుంటారు. ఇది మన ఇళ్ళల్లోనూ ఉన్నదే, ఎవరినీ తప్పుపట్టనక్కరలేదు.

అటకమీద దారంతో దండగా కుట్టిన అట్టల కట్టలు కనిపించాయి. అవేమిటని అడిగితే తాత ముఖం వెలిగింది. "అయ్యి జాకార్డు అట్టలు. ఇప్పుడు కొన్ని కార్ఖానాలల్ల కంప్యూటర్ జాకార్డులొచ్చినయి. ఇయి నేను కొట్టినయి" అన్నాడు. ఒక కట్ట దించి మా ముందు పరిచాడు. అట్టనిండా సన్నని బెజ్జాలు.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పవలసిన సంగతి ఉన్నది. దుప్పటిమీద నెమలి ఎట్లా వస్తుంది? పడుగు పోగుల్లో ఏవి పైకి లేవాలో, ఏవి కింద ఉండాలో పేక పడిన ప్రతిసారీ సాంచాకు ఎవరో చెప్పాలి. ఆ చెప్పేది అట్ట. ఒక పేకకు ఒక అట్ట. బెజ్జం ఉన్నచోట సూది లోపలికి పోతుంది, కొక్కెం పోగును పైకెత్తుతుంది. బెజ్జం లేనిచోట అట్ట సూదిని వెనక్కి నెడుతుంది, పోగు కిందనే ఉండిపోతుంది. అంతే, మూడోమాట లేదు. ఉన్నది, లేదు. ఫ్రాన్సు దేశంలో లియోన్ పట్టణపు జాకార్డు అనే ఆయన 1804 ప్రాంతంలో దీన్ని ఒక దారికి తెచ్చాడు. ఆయన బొమ్మనే 1839లో పట్టులో నేశారు. దానికి 24,000 అట్టలు పట్టాయట. ఇంగ్లండులో చార్లెస్ బాబేజి అనే గణితవేత్త ఆ పట్టుబొమ్మ ఒకటి దగ్గర పెట్టుకున్నాడు. లెక్కలు చేసే యంత్రానికి ఇట్లాంటి అట్టలతోనే ఆజ్ఞలివ్వవచ్చునని ఆయన ఆలోచన. ఆయన యంత్రాన్ని గురించి 1843లో విపులంగా రాసిన ఏడా లవ్‌లేస్ అనే ఆమె కూడా మగ్గంతోనే పోల్చి చెప్పింది. 1890లో అమెరికా జనాభా లెక్కలను హాలరిత్ అనే ఆయన బెజ్జాల అట్టలతోనే తేల్చాడు. అక్కడినుంచి కంప్యూటరు దాకా దారి తిన్ననే. అంటే ఈ షోలాపూరు అటకమీద దుమ్ముకొట్టుకుంటున్నది మన పిల్లల చేతుల్లోని ఫోనుకు ముత్తాత అన్నమాట!

ఈ మాట మేము కనిపెట్టింది కాదు. పదో తరగతి పిల్లే మాకు చెప్పింది. బడిలో వారి పంతులు ఒకరు - లెక్కలు చెబుతారట - 'ఒకటి, సున్న' అనే లెక్కల పద్ధతి చెప్పటానికి, "మీ ఇళ్ళల్లో అట్టలుంటే తీసుకురండి" అన్నారట. మరునాడు పన్నెండుమంది అట్టలు తెచ్చారు. పంతులు ఫోనుతో అట్ట ఫొటో తీసి తెరమీద పెద్దదిగా చూపించి, బెజ్జముంటే ఒకటి, లేకపోతే సున్న అని పిల్లలచేత రాయించారు. అట్టలన్నీ వరసగా గళ్ళ కాగితంమీదికి ఎక్కించేసరికి సగం నెమలి తేలింది. మిగతా సగాన్ని జియోజెబ్రా అనే ఉచిత సాధనంలో అద్దంలో ప్రతిబింబంలాగ తిప్పి నిలబెట్టారు. సౌష్ఠవమనే పాఠం అక్కడ అయిపోయింది. వెనక బెంచీ మగపిల్లలు కూడా ఆరోజు బల్లలు దిగి వచ్చారట. వారిలో ఇద్దరు రాత్రిపూట సాంచామీద పనిచేసి పగలు బడిలో కునికేవారట.

తాత దగ్గరకూ ఒక అట్ట తెచ్చి, "ఇది ఏ డిజైనో చెప్పు తాతా" అన్నారట పిల్లలు. ఆయన ఒకసారి వేలితో తడిమి, "నెమలి మెడ" అన్నాడు. కంప్యూటరుకు పట్టిన తడవ కూడా ఆయనకు పట్టలేదు! పిల్లలు నోళ్ళు తెరిచారు. "మూలకు పెన్సిలుతోని నంబరు ఏసింది నేనే గదా" అని మాతో చెప్పి తాత పగలబడి నవ్వాడు.

ఇక ఆ పంతులుగారి సంగతి. ఆయన పేరు రంజిత్‌సింహ్ డిసలే. షోలాపూరు జిల్లా మాఢా తాలూకాలో పరితేవాడి అనే చిన్న పల్లె. 2009లో ఆయన అక్కడి జిల్లా పరిషత్ ప్రాథమిక పాఠశాలకు వచ్చేనాటికి బడి ఒక పాడుపడిన కట్టడం, ఒకవైపు గొడ్ల కొట్టం, ఇంకొకవైపు సామాను గది. పిల్లల ఇంటి భాష కన్నడం, పుస్తకం ఆ భాషలో లేదు. ఆడపిల్లల హాజరు చెప్పుకోదగినది కాదు, బాల్యవివాహాలు మామూలు. ఈయన కన్నడం నేర్చుకున్నాడు. ఒకటినుంచి నాలుగు తరగతుల పుస్తకాలను పిల్లలకు తగినట్టు తిరగరాసి, పాఠం పక్కన ఒక నల్లగళ్ళ ముద్ర అచ్చువేశాడు. దానిమీద ఫోను పడితే పాట వినిపిస్తుంది, కథ వినిపిస్తుంది, పంతులే తెరమీదికి వచ్చి పాఠం చెబుతాడు. క్యూఆర్ కోడు అంటారు దాన్ని. మనం కూరగాయల బండి దగ్గర డబ్బు చెల్లించే ముద్రే అది. ఈ పద్ధతి నచ్చి 2017లో మహారాష్ట్ర ప్రభుత్వం అన్ని తరగతుల పుస్తకాల్లోనూ ఈ ముద్రలు వేయిస్తామని ప్రకటించింది. మరుసటి ఏడు కేంద్రం ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకాలకూ అదే మాట చెప్పింది. దేశమంతటికీ ఉపాధ్యాయులకు, పిల్లలకు పాఠాలు దొరికే దీక్షా అనే వేదికను 2017 సెప్టెంబరు 5న ప్రారంభించినది అప్పటి ఉపరాష్ట్రపతి, మన వెంకయ్యనాయుడు గారే. 2020 డిసెంబరు 3న లండనునుంచి ప్రపంచ ఉపాధ్యాయ బహుమతి డిసలే గారికి ప్రకటించారు. పదిలక్షల డాలర్లు. 140కి మించిన దేశాలనుంచి 12,000 పైగా పేర్లు వెళ్ళాయట. ఆయన అక్కడికక్కడే సగం సొమ్ము తనతో చివరిదాకా నిలిచిన తొమ్మిదిమందికీ పంచివేస్తానన్నాడు. మాకు ముద్రల కన్న ఆ పంపకమే ఎక్కువ నచ్చింది.

ఇంతకూ ఆయన చేసినదాంట్లో అసలు కిటుకు ఫోనులో లేదని మాకు తోచింది. ముందు పిల్లల భాష నేర్చుకున్నాడు, తరువాత సాధనం పట్టుకున్నాడు. వరస తప్పితే ఏమవుతుందో దేశంలో పలుచోట్ల చూస్తూనే ఉన్నాము. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు పలకల వంటి ట్యాబులు పంచింది. తెలంగాణంలో 2020 సెప్టెంబరునుంచి టీశాట్ ద్వారా, దూరదర్శన్ ద్వారా పాఠాలు ఇళ్ళకు పంపారు. ఇవన్నీ మంచివే, బడి మూసిన కాలంలో అవి కూడా లేకపోతే ఏమయ్యేదో! కాని యునెస్కోవారు 2023లో వేసిన నివేదికలో, సాధనం వల్ల చదువు ఎంత మెరుగయిందో చెప్పే నిఖార్సయిన సాక్ష్యం తక్కువేనని, పాఠం మధ్య పిల్లల మనసు ఒకసారి ఫోనులోకి జారితే తిరిగి రావటానికి 20 నిముషాల వరకు పట్టవచ్చునని రాశారు. మన ఇంటి తల్లులు ఏ నివేదికా చదవకుండానే చెబుతున్న మాట అది.

షోలాపూరు పేటల్లో ప్రశ్న వేరు. ఇక్కడ ఫోను పిల్లను చెడుపుతుందా అని ఎవరూ అడగలేదు. ఫోను ఎవరి జేబులో ఉన్నదీ అన్నదే ప్రశ్న. 2020 మార్చిలో బళ్ళు మూశారు, సాంచాలూ ఆగాయి. ఈ ఇంటికి ఒకటే ఫోను, అది బాపుది. పని తిరిగి మొదలయిన తరువాత పొద్దున పాళీకి ఆయన పోతే దానితోబాటు అక్కాతమ్ముళ్ళ తరగతులూ పోయేవి. ఇద్దరి పాఠాలూ ఒకే గంటకు వచ్చిన రోజున ఒకరు మానవలసిందే. "ఎవరు మానేవారమ్మా?" అని అడిగాము. పిల్ల జవాబు చెప్పలేదు. తల్లే చెప్పింది, చేతిలో దారం తెంపకుండానే - "ఇదే మానేది. పెద్దది గదా, ఆకు కత్తిరిస్తుండె. వెయ్యి బీడీలు లెక్కకు రావాలె గదమ్మా."

బీడీ కూలి వెయ్యికి ఇంత అని లెక్క. ఈ పేటల్లో మగవారు సాంచా, ఆడవారు బీడీ - ఇది తరాలనాటి ఏర్పాటు. వేలాది తెలుగు ఆడవారి చేతి వేళ్ళు ఈ పనిలోనే అరిగిపోయాయి. వారికి ఇళ్ళ స్థలాలకోసం నర్సయ్య ఆడం గారు ఏళ్ళతరబడి పోరాడగా, కుంభారి దగ్గర గోదూతాయి పరులేకర్ పేర పదివేల ఇళ్ళు లేచాయి. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ గారు వచ్చి అప్పగించారు. ఆ పక్కనే రేనగర్‌లో 2024 జనవరిలో ప్రధాని మోదీ గారు మరో 15,000 ఇళ్ళు అందజేశారు. ఇల్లు వచ్చింది. ఆ ఇంట్లో పిల్ల బీడీ చాట ముందు కూర్చుంటుందా, పుస్తకం ముందు కూర్చుంటుందా అన్నది మాత్రం ప్రతి ఇల్లూ రోజూ తేల్చుకోవలసిన మాటే.

ఈ వీధిలో పిల్లలు ఒక ఉపాయం చేసుకున్నారు. నలుగురు ఆడపిల్లలు ఒక అరుగు. ఎవరింటి ఫోను ముందు ఇంటికి వస్తే అందరికీ అదే. ముద్రమీద పట్టి పాఠం తెరుస్తారు, ఒకరు పట్టుకుంటారు, ముగ్గురు రాసుకుంటారు, అర్థంకాని చోట ఆపి గొడవపడతారు. అక్కడ తంతు అంతా మరాఠీలోనూ తెలుగులోనూ కలగాపులగంగా సాగుతుంది. పాఠం మరాఠీ, తగువు తెలుగు. ఖర్చుకు నెలకొకరు వంతు. మేము ఆ అరుగుమీద గంటసేపు కూర్చున్నాము. విజ్ఞానశాస్త్రంలో కటకాల పాఠం. ఒక పిల్ల తన అవ్వ కళ్ళజోడు తెచ్చి గోడమీద వెలుగు పడేట్టు పట్టింది. తెరమీది బొమ్మ నిజమో కాదో చూస్తున్నదట. అవ్వ లోపలినుంచి కళ్ళజోడు కోసం కేకలు! మన ఊళ్ళో ఒక్కొక్క పిల్లకు ఒక్కొక్క ఫోను, ఒక్కొక్క గది, ఒక్కొక్క తలుపు. నలుగురికి ఒకటి ఉండటమే మేలేమో అన్న అనుమానం మాకు కలిగింది. లేమిని మెచ్చుకోవటం మన ఉద్దేశం కాదు సుమా. ఆ నలుగురికీ నాలుగు ఫోనులుంటే వారు వద్దంటారా!

మధ్యాహ్నం ఊరు చూడటానికి వెళ్ళాము. సిద్ధేశ్వరాలయం చెరువు నడుమ ఉన్నది, చల్లగా బాగున్నది. కోట పక్కనే. చైనాలో వైద్యం చేస్తూ అక్కడే కన్నుమూసిన డాక్టరు ద్వారకానాథ్ కోట్నిస్ పుట్టినది ఈ ఊళ్ళోనే, 1910లో. 1930లో ఇక్కడ సైనికశాసనం పెట్టారు. ఆ ఉద్యమంలో పట్టుబడిన నలుగురిని 1931 జనవరి 12న ఉరితీశారు. ఇవి చూసిరావటానికి ఒక పూట చాలును. తిరిగి పేటకే వచ్చాము, ఎందుకంటే పిల్ల తాను చేస్తున్నది చూపిస్తానని మాట ఇచ్చింది.

అది గళ్ళ కాగితం. ఇదివరలో డిజైనుకారులు దుప్పటి బొమ్మను గడిగడికీ రంగువేసి రాసే కాగితమే. దానిమీద నల్లగళ్ళు, తెల్లగళ్ళు నింపింది. క్యూఆర్ ముద్రను 1994లో జపానులో హారా అనే ఇంజనీరు మోటారు విడిభాగాల లెక్కకోసం తయారుచేశాడట. అన్నిటికన్న చిన్న ముద్ర 21 గళ్ళ పొడుగు, 21 గళ్ళ వెడల్పు. మూడు మూలల్లో మూడు చదరాలుండాలి, వాటినిబట్టే ఫోను తలకిందులు పోల్చుకుంటుంది. తాత వాటిని బుటాలంటాడు. చుట్టూ నాలుగేసి గళ్ళు ఖాళీగా వదలాలి. ఈ ముద్రను చాదరులో నేయాలని పిల్ల సంకల్పం, బడి ప్రదర్శనలో పెట్టటానికి.

ఆ ముద్రలో ఏ మాట దాచాలన్నదానిమీద చాలా చర్చ జరిగిందట. ఇంగ్లీషు పెద్దక్షరాలయితే 25 పడతాయి. తెలుగయితే ఒక్కొక్క గుర్తుకు మూడేసి చోట్లు కావాలి గనుక అయిదు గుర్తులకు మించి పట్టవు. బడిపేరు ఇంగ్లీషులో పెట్టమని స్నేహితురాళ్ళు అన్నారు. ఈ పిల్ల తెలుగులోనే పెడతానన్నది. తెలుగు రాదు గదా మరి? ఫోనులో తెలుగు అక్షరాల పలక దించుకుని, తాతను పక్కన కూర్చోబెట్టుకుని, త ఏదో, దీర్ఘం ఏదో అడిగి తెలుసుకుని రాసింది - 'తాత'. మూడు గుర్తులు, సరిపోయాయి. కాగితంమీది గళ్ళకు ఫోను పట్టగానే తెరమీద 'తాత' అని పడింది. ఆయన తెలుగు బడికి మూడో తరగతిదాకా పోయినవాడు. తెరను దూరంగా పట్టుకుని ఒకసారి, దగ్గరగా పట్టుకుని ఒకసారి చదివి, "దీర్ఘం మంచిగనే పడ్డది" అని మాత్రం అన్నాడు. ఆ తరువాత మాతో చాలాసేపు మాట్లాడలేదు.

సాయంత్రం బాపు పైకి వచ్చాడు. నూలు దుమ్ముతో తల తెల్లగా ఉన్నది. చేతులు కడుక్కుని, జేబులోనుంచి ఫోను తీసి అడగకముందే బిడ్డ చేతికిచ్చాడు. తాత గళ్ళ కాగితం ముందుకు జరిపాడు. ఇక తండ్రీకొడుకుల మధ్య సాంచా భాష సాగింది. ముద్ర 21 గళ్ళు, అటు నాలుగు ఇటు నాలుగు ఖాళీ - 29. గడి కొంచెం దిట్టంగా కనిపించాలంటే గడికి నాలుగు పేకలు పడాలి. అట్టలెన్ని? పిల్ల నోటనే లెక్కవేసి, "నూటపదహారు" అన్నది.

"నూటపదహార్లా! ఇగ శుభమే" అన్నాడు తాత.

బాపు నవ్వలేదు. కొత్త అట్టలు ఎక్కించటానికి నడుస్తున్న సాంచా ఆపాలి. ఒక పూట సాంచా ఆగితే ఆ పూట కూలి పోయినట్టే, పైగా అప్పగించవలసిన దుప్పట్లకు గడువు ఉన్నది. కోడలు చాటలోనుంచి తలెత్తి మగని వంక చూసింది. ప్రదర్శన ఎన్నడని ఆయన అడిగాడు. వచ్చే నెల మొదటివారమని పిల్ల చెప్పింది. పరీక్షలు ఎన్నడని అడిగాడు. ఆ తరువాతేనన్నది. ఆయన కిందికి దిగి, పడుగు భీములో ఇంకా ఎంత నూలున్నదో చూసి మళ్ళీ మెట్లెక్కి వచ్చాడు.

"ఎనిమిది రోజులకు భీము దిగుతది. కొత్త భీము ఎక్కిచ్చే తందుకు ఎట్లయినా ఆపుడే గదా" అన్నాడు. "అప్పటికి అట్టలు కొట్టి పెట్టుర్రి."